పెంచిన కుక్క పోయిన ఇంటికి మరో కుక్కను తెచ్చుకోవడం ఎలా

ఏళ్ళ తరబడి ఇంట్లో తిరిగిన కుక్క పోయాక మనల్ని ముందుగా తడబడేలా చేసేది దుఃఖం కంటే అలవాటే. తలుపు తీసేటప్పుడు అది బయటికి దూకకుండా కాలు అడ్డం పెడతాము, కానీ దూకడానికి అక్కడ ఎవరూ ఉండరు. తినేటప్పుడు చివరి ముక్క పక్కకు తీసి పెడతాము, ఆ ముక్క కంచంలోనే ఉండిపోతుంది. మా ఇంట్లో ఏడాదిన్నర వ్యవధిలో రెండు కుక్కలు పోయాయి. మూడవది వచ్చి ఇప్పటికి కొన్నేళ్ళయింది. ఆ మధ్యకాలంలో మేము చేసిన పొరపాట్లను, నేర్చుకున్న పద్ధతులను కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఈ సూచనలన్నిటికీ మూలం ఒకటే: పోయిన కుక్క చేసిన ఉద్యోగాన్ని కొత్తగా వచ్చే కుక్కకు అప్పగించకూడదు. ఆ ఉద్యోగం ఖాళీ అయిందనుకొని, దానికి తగిన అభ్యర్థి కోసం వెదికినంత కాలం ఏ కుక్కా నెగ్గుకు రాలేదు.

ఎన్నాళ్ళు ఆగాలి

దీనికి నెలల లెక్క లేదు. కొందరు నెల తిరగకముందే సిద్ధపడతారు, కొందరికి మూడేళ్ళు పడుతుంది, రెండింటిలోనూ తప్పు లేదు. తప్పు జరిగేది ఎక్కువగా ఇతరుల మాట మీద తొందరపడినప్పుడు. "కుక్కే కదా, ఇంకొకటి తెచ్చుకుంటే సరిపోతుంది" అనే మాట వినని వారు ఉండరు. చుట్టూ ఉన్న వారు దుఃఖంగానే లెక్కించని ఇటువంటి దుఃఖానికి కెనెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి వివరించాడు. మనిషి పోతే పలకరించడానికి వచ్చే జనం కుక్క పోతే రారు కనుక, ఆ బాధ లోలోపలే ఉండిపోయి, దాన్ని త్వరగా కప్పేయాలనే ఆరాటం పుడుతుంది. ఆ ఆరాటంలో తెచ్చిన పిల్ల వారం తిరక్కుండానే భారమవుతుంది.

పాత కుక్క మాట వస్తే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయన్నంత మాత్రాన మీరు సిద్ధంగా లేరని కాదు. పరీక్ష వేరే ఉంది. కొత్త కుక్క ఇంట్లో తిరుగుతున్నట్టు ఊహించుకున్నప్పుడు మీ కళ్ళకు కట్టేది పాత కుక్క ముఖమే అయితే కొంతకాలం ఆగడం మంచిది. ఏ ముఖమో తెలియని ఒక కుక్క, దాని అల్లరి, దాని వెంట పరుగెత్తే మీరు కనిపిస్తే, బయలుదేరవచ్చు. జబ్బుపడిన కుక్కకు నెలల తరబడి రాత్రింబవళ్ళు సేవ చేసిన వారికైతే దుఃఖంతో పాటు ఒంటి అలసట కూడా ఉంటుంది. అది పోయాక రాత్రిళ్ళు పూర్తిగా నిద్రపట్టినందుకు కలిగిన ఉపశమనాన్ని చూసి సిగ్గుపడనవసరం లేదు. ఆ నిద్ర కొన్ని వారాలు పోనివ్వండి.

ఇంట్లో అందరూ ఒకే రోజున సిద్ధపడరు. ఒక్కరు వద్దంటున్నా ఆగడమే ఉత్తమం. ఎవరినీ సంతోషపెట్టడానికి చెప్పాపెట్టకుండా కుక్కపిల్లను తెచ్చి చేతిలో పెట్టకూడదు. నిర్ణయం తేలనప్పుడు, ఆశ్రయ కేంద్రంలోని కుక్కకు కొన్ని వారాలు తాత్కాలికంగా చోటివ్వడం ఒక మంచి మార్గం: కుక్కకు ఒక ఇల్లు దొరుకుతుంది, మీకు మీ మనసు తెలుస్తుంది.

చిన్నపిల్లలున్న ఇంట్లో మాటల విషయంలో జాగ్రత్త అవసరం. చనిపోవడమంటే మళ్ళీ తిరిగి రాకపోవడమని పిల్లలకు దాదాపు అయిదు నుంచి ఏడేళ్ళ మధ్య అర్థమవుతుంది. అంతకంటే చిన్నవారికి "నిద్రపోయింది" అని చెబితే వారు పడుకోవడానికే భయపడవచ్చు, "ఎక్కడికో వెళ్ళింది" అని చెబితే గుమ్మం దగ్గర ఎదురుచూడవచ్చు. చనిపోయిందనే మాటనే మెల్లగా, నేరుగా చెప్పాలి. కొత్త కుక్కను చూపించి "అదే మళ్ళీ వచ్చింది" అనడం కూడా తగదు. పెద్దవాళ్ళు మర్చిపోయిన ఆటలన్నీ పిల్లలకు గుర్తుంటాయి, ఈ కుక్క ఆ ఆటలు ఆడకపోయేసరికి తమనే మరచిపోయిందనుకుంటారు.

ఎటువంటి కుక్కను ఎంచుకోవాలి

చాలామంది అదే జాతి, అదే రంగు, వీలైతే అదే నుదుటి మచ్చ కోసం వెదుకుతారు. ఆ కోరిక సహజమే, కానీ అది నెరవేరదు. 18,000కు పైగా కుక్కల యజమానులు ఇచ్చిన సమాధానాల ఆధారంగా 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాలలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతం మాత్రమే. ఒకే జాతి అయినంత మాత్రాన ఒకే స్వభావం రాదు. ఒక జంతువు కణం నుంచి దాని నకలును పుట్టించే క్లోనింగ్ కూడా ఈ కోరికను తీర్చలేదు. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో 2001లో పుట్టిన మొదటి క్లోన్ పిల్లికి, ఏ పిల్లి కణం నుంచి దాన్ని సృష్టించారో ఆ పిల్లి ఒంటి మీద ఉన్న నారింజ రంగే రాలేదు. కణం తీసి పుట్టించినా రాని పోలికను, ఏదో ఒక కుక్కల గూటిలోని ఆరో పిల్లలో వెదకడం ఆ పిల్లకు అన్యాయం. మేము కావాలనే వేరే రంగు కుక్కను ఎంచుకున్నాము. సందె వెలుగులో గుమ్మం దగ్గర కదిలిన ఆకారాన్ని చూసి గుండె జారిపోకుండా ఉండటానికి అది ఉపయోగపడింది.

ఇక వయసు. ఇక్కడ జ్ఞాపకం మనల్ని బాగా మోసం చేస్తుంది. మన మనసులో మిగిలిన కుక్క పన్నెండేళ్ళ పెద్దమనిషి: మాట పూర్తికాకముందే అర్థం చేసుకునేది, వర్షం వస్తుంటే బయటికి రమ్మన్నా రానిది, అతిథి చెప్పుల జోలికి పోనిది. అదే కుక్క ఆరు నెలల వయసులో కుర్చీ కాళ్ళు ఎలా నమిలిందో, ఎన్ని దుప్పట్లు చీల్చిందో మనకు గుర్తుండదు, గుర్తున్నా ముచ్చటగానే గుర్తుంటుంది. కొత్త పిల్ల మొదటి చెప్పు కొరికిన రోజున "అది ఎప్పుడూ ఇలా చేయలేదు" అంటాము. పాత ఫోటోలు తీసి చూస్తే, వెనకాల ఎక్కడో ఒక నమిలిన చెప్పు కనబడి తీరుతుంది. కుక్కపిల్లతో ఏడాది పాటు కొత్తగా మొదలుపెట్టే ఓపిక లేకపోతే, పెరిగిన కుక్కనే తెచ్చుకోవాలి. దాని సైజు, స్వభావం చాలావరకు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. ఒంటరిగా వదిలితే ఎలా ఉంటుంది, పిల్లల దగ్గర, ఇతర జంతువుల దగ్గర ఎలా ఉంటుంది, తింటున్నప్పుడు దగ్గరికి వెళితే ఏమి చేస్తుంది అని దాన్ని చూసుకుంటున్న వారిని అడిగి తెలుసుకోవచ్చు.

కుక్కపిల్లనే తేవాలనుకుంటే, ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి వేరుచేసిన దానిని తీసుకోవద్దు. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు పిల్ల లోకాన్ని ఎలా చూస్తుందో, ఏది భయపడవలసినదో ఏది కాదో అనే లెక్క దాని బుర్రలో స్థిరపడుతుంది. మొదటి భాగంలో తల్లి, తోబుట్టువులు గురువులు, తర్వాతి భాగంలో ఆ బాధ్యత మీది. దుఃఖంలో ఉన్న ఇల్లు సహజంగానే తలుపులు మూసుకొని ఉంటుంది కనుక, ఈ వారాలలో కొత్త మనుషులను, కొత్త శబ్దాలను పిల్లకు పరిచయం చేయడం మరచిపోయే ప్రమాదం ఎక్కువ.

ఇంటిని సిద్ధం చేయడం

పాత కుక్క ఏ కారణంతో పోయిందన్నది ముందుగా చూసుకోవాలి. వృద్ధాప్యం, గుండె జబ్బు, కణితి వంటివైతే కొత్త కుక్కకు వాటివల్ల ప్రమాదం లేదు. కుక్కలకు తీవ్రమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్‌తో పోయి ఉంటే మాత్రం సంగతి వేరు. ఆ వైరస్ నేలలో, ముఖ్యంగా నీడ పట్టున, నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతికి ఉంటుంది. మామూలు సబ్బులకు, చాలా రకాల ఫినాయిళ్ళకు అది లొంగదు. నేలను, గిన్నెలను ముందు శుభ్రంగా కడిగి, ఇళ్ళలో వాడే బ్లీచ్ ఒక పాలు, నీళ్ళు ముప్పై పాళ్ళు కలిపిన ద్రావణాన్ని కనీసం పది నిమిషాలు తడిగా నిలవనివ్వాలి. మురికి మీదే పోస్తే బ్లీచ్ పనిచేయదు, వేరే శుభ్రపరిచే ద్రవాలతో కలిపితే విషవాయువు పుడుతుంది. పెరటి మట్టిని ఇలా శుద్ధి చేయడం సాధ్యం కాదు. అందుచేత అటువంటి ఇంటికి టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కను తేవడమే క్షేమం. కుక్కలకు సోకే మరో అంటువ్యాధి డిస్టెంపర్, దాని వైరస్ ఇంత మొండిది కాదు, బయట కొద్ది రోజులకే నశిస్తుంది. జబ్బు ఏదైనా, పశువైద్యుడిని అడిగి, ఆయన సరేనన్నాకే ముందుకు వెళ్ళాలి.

పాత కుక్కకు వాడగా మిగిలిన మందులను దాచవద్దు. "ఇదీ విరేచనాలకే కదా" అని పాత చీటీ చూసి కొత్త కుక్కకు వేయడం ప్రమాదకరం, ఎందుకంటే మోతాదు బరువును బట్టి, మందు జబ్బును బట్టి ఉంటుంది, కొన్ని మందులు కొన్ని జాతులకు పడవు. పాత కుక్కకు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే, ఆ నమోదులో అది చనిపోయినట్టు రాయించాలి. మనసొప్పని పనే, కానీ ఒక్కసారి చేస్తే అయిపోతుంది.

వస్తువులలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అనేదానికి మేము పెట్టుకున్న నియమం ఇది: మెడపట్టీ మనది, గిన్నె కుక్కది. అంటే జ్ఞాపకంగా దాచుకునేది ఏదో ఒకటి ఎంచుకొని బీరువాలో పెట్టుకోవాలి, దానిని కొత్త కుక్క మెడకు కట్టకూడదు. స్టీలు గిన్నెల వంటి వాడుక సామాను కడిగి వాడుకోవచ్చు. నమిలిన బొమ్మలు, చిరిగిన పరుపు తీసేయడం మంచిది. పాత కుక్క చివరి రోజుల్లో మూత్రం ఆపుకోలేక తడిపిన చోట్లు మన ముక్కుకు తెలియకపోయినా కొత్త కుక్క ముక్కుకు స్పష్టంగా తెలుస్తాయి, అక్కడే పోయడం మొదలుపెడుతుంది. ఎంజైములు ఉన్న క్లీనర్‌తో వాటిని కడగాలి. అమ్మోనియా ఉన్నవి వాడితే మూత్రపు వాసనే మరింత పెరిగినట్టవుతుంది.

కొత్త పరుపును పాత మూలలో వేయవద్దు. ఎవరైనా ఆ మూలను దాటుతూ ఒకసారి తల తిప్పి చూస్తారు, ఆ చూపులో తన కోసం లేనిదేదో ఉందని కుక్క గ్రహించకపోయినా మనం గ్రహిస్తాము. అలాగని కుక్క తనంత తాను వెళ్ళి అక్కడే పడుకుంటే లేపకూడదు. మా కుక్క నాలుగో రోజున సరిగ్గా పాత చోటుకే వెళ్ళి పడుకుంది. ఇంట్లో అందరూ దాన్ని ఒక సంకేతంగా తీసుకున్నారు. అది సంకేతమేమీ కాదు, పొద్దుటి ఎండ పడేది ఆ చోటనే.

ఇంట్లో మిగిలిన జంతువు

పోయిన కుక్కకు తోడుగా పెరిగిన కుక్కో పిల్లో ఇంట్లో ఉంటే, నిర్ణయంలో దానికీ భాగముంది. ఇటలీలో 426 మంది యజమానులతో చేసి 2022లో ప్రచురించిన సర్వేలో, ఒక కుక్క పోయాక రెండవ కుక్క ప్రవర్తన మారిందని 86 శాతం మంది చెప్పారు: ఎక్కువగా మనుషులను అంటిపెట్టుకోవడం, ఆటలు తగ్గడం, తిండి తగ్గడం. అది కాస్త మునుపటిలా తిని, నిద్రపోయేదాకా కొత్త కుక్కను తేవద్దు. తోడు లేదని తెచ్చిన పిల్ల దానికి తోడుగా కాక తద్దినంగా మారవచ్చు. ముఖ్యంగా మోకాళ్ళ నొప్పులున్న ముసలి కుక్క మీద మూడు నెలల పిల్ల రోజంతా దూకుతుంటే అది శిక్షే.

రెండు కుక్కలకు మొదటి పరిచయం ఇంట్లో వద్దు. ఇద్దరు మనుషులు చెరొక కుక్కను పట్టుకొని, రెండింటికీ కొత్తదైన చోట, మధ్యలో దూరం ఉంచి ఒకే దిక్కుగా నడిపించాలి. పట్టీలు వదులుగా ఉండాలి, బిగించి పట్టుకుంటే మీ కంగారు పట్టీ గుండా కుక్కకు చేరుతుంది. దూరం మెల్లగా తగ్గిస్తూ, అవి ఒకదానినొకటి పక్కనుంచి వాసన చూసి మళ్ళీ నడక సాగిస్తే, కలిసి ఇంట్లోకి రావచ్చు. గిన్నెలు వేర్వేరు గదులలో పెట్టాలి. పెద్దది గుర్రుమంటే తిట్టకూడదు. గుర్రుమనడం హెచ్చరిక, ఆ హెచ్చరికను మాన్పిస్తే తర్వాత వచ్చేది నేరుగా కాటే. పిల్లి ఉన్న ఇంట్లో అయితే కొద్ది రోజులు గదులు వేరుచేసి, ఒకరు పడుకున్న గుడ్డను మరొకరి దగ్గర పెట్టి వాసన పరిచయం చేసి, ఆ తర్వాతే అడ్డుకటకటాల గుండా చూపించాలి. పిల్లికి కుక్క అందుకోలేని ఎత్తైన చోటు ఎప్పుడూ ఉండాలి.

మొదటి రోజులు, వారాలు

ఆశ్రయ కేంద్రాలలో పనిచేసేవారు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అనే లెక్క చెబుతారు: బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి అర్థం కావడానికి మూడు వారాలు, ఇది తన ఇల్లేనని నమ్మకం కుదరడానికి మూడు నెలలు. ఇది శాస్త్రం కాదు, అనుభవం మీద చెప్పిన లెక్క. అయినా దుఃఖంలో ఉన్న వారికి ఇది బాగా పనికివస్తుంది, ఎందుకంటే వారు మూడో రోజునే తీర్పు చెప్పేస్తుంటారు.

మొదటి రోజున చూడటానికి ఎవరినీ పిలవవద్దు, స్నానం చేయించవద్దు. ఒక గది, ఒక పరుపు, నీళ్ళు, అవసరం తీర్చుకునే ఒక చోటు చూపిస్తే చాలు. అది ఇంతకుముందు తిన్న తిండినే పెట్టి, మార్చదలిస్తే వారం నుంచి పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లి, జైలిటాల్ అనే తీపి కలిసిన పదార్థాలు దానికి అందకూడదు. పిల్ల అయితే నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి తీసుకువెళ్ళాలి. మొదటి రాత్రులు దాన్ని మీ మంచం పక్కనే పడుకోబెట్టడంలో తప్పులేదు. కొద్ది రోజుల్లోనే పశువైద్యుడికి చూపించాలి. పిల్లల టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, రెండు నుంచి నాలుగు వారాలకొకటిగా పదహారు వారాలు నిండేదాకా కొనసాగుతాయి. రేబీస్ టీకా సాధారణంగా పన్నెండు వారాల తర్వాత వేస్తారు. నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడు వేయాలో అప్పుడే అడిగి రాసుకోవాలి.

ఇక ముఖ్యమైన సంగతి, కౌగిలి. పాత కుక్కను పోగొట్టుకున్న చేతులు కొత్త కుక్కను గట్టిగా హత్తుకోవాలని ఆరాటపడతాయి. పరిచయం లేని మనిషి మీదకు వంగి మెడ చుట్టూ చేతులు వేస్తే చాలా కుక్కలు బిగుసుకుపోతాయి. నిద్ర లేకుండానే ఆవలించడం, తిండి లేకుండానే పెదవులు నాకడం, తల తిప్పుకొని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఇవన్నీ "వద్దు" అనడమే. దానికి బదులు నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి. దగ్గరికి వస్తే ఛాతీ మీద మూడు సెకన్లు గోకి చెయ్యి తీసేయండి. అది మళ్ళీ ఒరిగితే ఇంకో మూడు సెకన్లు గోకండి, పక్కకు జరిగితే ఆ పూటకు చాలు. మా దాని విషయంలో ఇలా పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజున నేను చెయ్యి తీసేశాక, అది తన ముందుకాలు ఎత్తి నా మణికట్టు మీద పెట్టి, చేతిని తన ఛాతీ మీదకు లాక్కుంది.

పేరు, పోలిక

పాత పేరు పెట్టవద్దు, అదే అక్షరంతో మొదలయ్యే పేరూ వద్దు. పాత పేరు నోటి చివరనే ఉంటుంది, కొత్త పేరు సగం పలికేసరికి అది ముందుకు తోసుకొస్తుంది. మూడో వారంలో ఒక రాత్రి భోజనాల దగ్గర నేను కొత్త కుక్కను పాత పేరుతో పిలిచాను. కంచాల దగ్గర చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కుక్క మాత్రం తోక ఊపుకుంటూ వచ్చింది, దానికి వినబడింది పేరు కాదు, తిండి దగ్గర నుంచి వచ్చిన పిలుపు. ఇలా జరిగినప్పుడు క్షమాపణలు చెప్పుకోనక్కరలేదు, కొత్త పేరుతో మళ్ళీ ఒకసారి పిలిస్తే సరిపోతుంది. ఆ పొరపాటుతో కుక్కకు కలిగే నష్టమేమీ లేదు.

పాత కుక్క ఫోటో గోడ మీదే ఉండనివ్వండి, దాని ముచ్చట్లు చెప్పుకోండి. కానీ ఒకే వాక్యంలో రెండు కుక్కలనూ చేర్చవద్దు. "అది ఇలా ఉండేది" అనవచ్చు, "అది ఇలా ఉండేది, ఇదేమో" అన్నచోట ఆగిపోవాలి. రోజూ పాత దారినే నడిపిస్తే ప్రతి మలుపులోనూ పోలిక ఎదురవుతుంది కనుక కొన్నాళ్ళు దారి మార్చండి, సమయం మార్చండి, పాత కుక్కకు తెలియని ఒక కొత్త ఆట నేర్పండి. మొదటి వారాలలో ప్రేమ పుట్టకపోయినా కంగారు వద్దు. వేళకు తిండి, నడక, మందు అందుతున్నంత కాలం కుక్కకు లోటు లేదు, మనసు వెనకగా వస్తుంది. మూడు నెలలైనా కాటు, తీవ్రమైన భయం వంటివి తగ్గకపోతే మాత్రం ముందు పశువైద్యుడిని, తర్వాత శిక్షకుడిని సంప్రదించాలి. అప్పటికీ కుదరకపోతే, దానికి సరిపడే ఇల్లు చూసి పంపడాన్ని ద్రోహంగా భావించనక్కరలేదు.

మాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఒక చిన్న నోటుపుస్తకం. పాత కుక్కలు ఎన్నడూ చేయని పని ఏదైనా కొత్తది చేస్తే రాత్రి పడుకునేముందు ఒక వాక్యంలో రాసుకునేవాళ్ళం. మొదటి వారం పేజీలు దాదాపు ఖాళీ, ఉన్న రెండు మూడు వాక్యాలూ ఫిర్యాదులే. నలభయ్యో రోజు పేజీలో మాత్రం ముగ్గురి చేతిరాతా ఉంది, ముగ్గురూ ఒకే సంగతి రాశారు: ఈ రోజు ఇది గట్టిగా తుమ్మి, తన తుమ్ముకు తానే బెదిరి, మంచం కింద దూరి, ఎవరు తుమ్మారా అని తల మాత్రం బయట పెట్టి అందరి ముఖాలూ చూసింది.